ఎండు కొండల మధ్య సరస్సు పక్కన క్యాంపింగ్: ముందు కొండలకు సిద్ధపడండి, తర్వాతే నీళ్లకు

మీరు మొదటిసారి టెంట్‌లో ఉండబోతున్నారు. వెంట ఇద్దరు పిల్లలు, రెండు రాత్రులు, ఎండు కొండల మధ్య సరస్సు పక్కన క్యాంప్‌గ్రౌండ్. నీళ్లు పక్కనే ఉంటాయి కాబట్టి చల్లగా ఉంటుందని, తాగే నీళ్లు పెద్దగా మోసుకెళ్లక్కర్లేదని, టెంట్ ఎంత ఒడ్డుకు వేస్తే అంత బాగుంటుందని మీ ఆలోచన. ఇంకా ఏమేం తీసుకెళ్లాలో చెప్పమన్నారు.

సామాను సంగతి తర్వాత. ముందు ఆ మూడు ఊహల గురించి మాట్లాడాలి, ఎందుకంటే మూడూ పొరపాటే. నేను ఏళ్లుగా ఇలాంటి చోట్లకు వెళ్తున్నాను. అక్కడ ఇబ్బంది పడిన కుటుంబాలను చూస్తే చాలావరకు కారణం ఒకటే: కళ్లెదురుగా అన్ని నీళ్లు కనబడేసరికి తాము ఉన్నది మెట్ట ప్రాంతమన్న సంగతి మనసులోంచి పోతుంది. నీటి అంచు దాటి కాస్త ఇవతలికి వస్తే గాలి పొడి, నేల గట్టి, నీడ కరువు. చుక్క నీరు దొరకని కొండల్లోకి వెళ్తున్నట్టే సిద్ధపడండి. అప్పుడు సరస్సును హాయిగా ఆస్వాదించగలరు.

టెంట్ చోటుతో మొదలుపెడతాను. మీ రెండు రాత్రులు ఎలా గడుస్తాయన్నది సగానికి సగం దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

నీటికి ఆనుకుని వేయకండి. కనీసం 60 మీటర్లు వెనక్కి, నీటిమట్టం కంటే కొంచెం మిట్టగా ఉన్న చోటు చూడండి. 60 మీటర్లంటే పెద్దవాళ్ల అంగల్లో సుమారు 70 నుంచి 80. క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు స్థలాలకు నంబర్లు వేసి ఉంటే ఆ గీతల్లోనే ఉండాలి కానీ, బుక్ చేసేటప్పుడు మ్యాప్ చూసి ఎంచుకునే వీలుంటే మొదటి వరస వదిలేసి వెనక వరస తీసుకోండి. ఫొటోల్లో మొదటి వరసే అందంగా ఉంటుంది, ముందు అయిపోయేదీ అదే. వెనక వరస దొరికినందుకు బాధపడకండి.

ఎందుకంటే, పొడి ప్రాంతంలో పగలు ఎంత వేడి ఉంటుందో రాత్రి అంత త్వరగా చల్లబడుతుంది. గాలిలో తేమ తక్కువ, పైన మబ్బు ఉండదు. పగలంతా నేల పీల్చుకున్న వేడిని ఆపేదేమీ లేక నేరుగా ఆకాశంలోకి పోతుంది. మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య 20 డిగ్రీల సెల్సియస్ తేడా ఇలాంటి చోట్ల మామూలే. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి పారుతుంది. అన్నిటికంటే పల్లం ఎక్కడ? ఒడ్డు. సరస్సు నీళ్లు రాత్రి నేల కంటే వెచ్చగా ఉండే మాట నిజమే. కానీ రాత్రిపూట గాలి నేలమీద నుంచి నీటివైపు వీస్తుంది కాబట్టి ఆ వెచ్చదనం మీ దాకా రాదు. పైగా నీటి పక్కన మంచు ఎక్కువ పడుతుంది. పొద్దున లేచేసరికి టెంట్ గుడ్డ లోపలి వైపు చెమ్మ కారుతూ స్లీపింగ్ బ్యాగ్ తడిసి ఉంటుంది. పది పదిహేను మీటర్ల ఎత్తుకు జరిగినా తేడా ఒంటికి తెలుస్తుంది. ఎక్కడ వేసినా టెంట్ కిటికీలు పూర్తిగా మూసేయకండి. చలిగా అనిపించినా పైన కొంచెం తెరిచి ఉంచితేనే మన ఊపిరిలోని తేమ బయటికి పోతుంది.

రెండోది గాలి. పొద్దున సరస్సు అద్దంలా ఉంటుంది, అది చూసి రోజంతా ఇలాగే ఉంటుందనుకుంటారు. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి దానిమీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి నీటిమీది చల్లగాలి వచ్చి చేరుతుంది. కొండవాలు వెంట పైకి వీచే గాలి దానికి తోడవుతుంది. సరస్సు రెండు కొండల మధ్య ఇరుకుగా ఉంటే ఆ సందులో గాలి ఇంకా జోరందుకుంటుంది. సాధారణంగా మధ్యాహ్నం మొదలై పొద్దుగుంకే దాకా ఉంటుంది. లోపల బరువేమీ లేని టెంట్‌ను సరిగా కట్టకుండా వదిలి ఈతకు వెళ్తే, తిరిగొచ్చేసరికి అది ఎక్కడికో ఎగిరిపోయి ఉండొచ్చు.

కాబట్టి కట్టడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు ఈ నేలలో దిగవు, రెండు దెబ్బలకే వంగిపోతాయి. గట్టి ఉక్కు మేకులు, ఒక సుత్తి తీసుకెళ్లండి. మేకును నిటారుగా కాకుండా, దాని తల టెంట్‌కు అవతలి వైపు ఒరిగేలా ఏటవాలుగా కొట్టండి. అసలు మేకు దిగని రాతినేల అయితే రాళ్లతో కట్టే పద్ధతి ఉంది. చాలామంది ఒక పెద్ద రాయికి తాడు చుట్టి వదిలేస్తారు, గాలికి తాడు రాయిమీద నుంచి జారిపోతుంది. అలా కాకుండా, పిడికిలి కంటే కొంచెం పెద్ద రాయికి తాడు చుట్టి ముడివేసి నేలమీద పెట్టండి. టెంట్‌కూ ఆ చిన్న రాయికీ మధ్య, తాడు మీద, మీరు ఎత్తగలిగినంత పెద్ద రాయి పెట్టండి. గాలి లాగితే చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి తగులుకుని ఆగిపోతుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. ఇంకో మాట: ఉరుకులాడే పిల్లలుంటారు కాబట్టి తాళ్లకు తెల్ల గుడ్డపేలికలు కట్టండి. చీకట్లో తాడు తగిలి బోర్లా పడటం క్యాంప్‌గ్రౌండ్లలో జరిగే మామూలు ప్రమాదం.

చోటు ఎంచుకునేటప్పుడు ఇంకో మూడు విషయాలు చూడాలి. మొదటిది ఎండిన వాగు. రాళ్ల మధ్య చదునుగా, మెత్తటి ఇసుకతో ఒక చోటు కనిపిస్తుంది, టెంట్ కోసమే చదును చేసినట్టు ఉంటుంది. అటూ ఇటూ చూడండి. పొదల మొదళ్లలో పుల్లలూ చెత్తా ఒకే ఎత్తున చిక్కుకుని ఉన్నా, ఇసుకలో నీటి చారలున్నా, రాళ్లు నున్నగా గుండ్రంగా ఉన్నా అది వాగు నడిచే దారి. వాన మీ నెత్తిన పడక్కర్లేదు. కనబడనంత దూరంలో కొండమీద కురిసినా, గట్టి నేల నీటిని ఇంకనివ్వదు కాబట్టి అదంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. ఉరికే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లు తేలిపోతాయి. అలాంటి చోట టెంట్ వేయకూడదు, కారూ పెట్టకూడదు.

రెండోది, అది సహజ సరస్సా, ఆనకట్ట కట్టిన రిజర్వాయరా అన్నది కనుక్కోండి. రిజర్వాయర్ నీటిమట్టం వానలను బట్టీ నీటి విడుదలను బట్టీ మారుతూ ఉంటుంది. మట్టం దిగినప్పుడు బయటపడే ఒడ్డు మోసం చేస్తుంది. పైన మట్టి పలకలు పలకలుగా పగిలి రాయిలా కనిపిస్తుంది, కింద జిగట బురద అలాగే ఉంటుంది. నీటి దాకా కారు తీసుకెళ్తే చక్రాలు దిగబడతాయి. మూడోది చెట్లు. నీడ కోసం చెట్టు కిందికి చేరడం సహజమే. కానీ నీళ్లందక ఎండిన పెద్ద కొమ్మలు గాలి లేకపోయినా విరిగి పడతాయి. తలెత్తి చూసి, ఆకుల్లేని కొమ్మ ఉంటే ఆ కింద పడుకోకండి. ఫోన్‌లోని దిక్సూచితో తూర్పు కూడా చూసుకోండి. తూర్పున కొండో చెట్టో ఉంటే పొద్దున ఇంకో గంట నిద్ర దక్కుతుంది.

ఇక నీళ్లు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు లెక్కేసుకోండి. పిల్లలకూ అదే లెక్క పెట్టండి, మిగిలితే మంచిదే. రెండు రాత్రులంటే పగళ్లు మూడు కాబట్టి ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మొత్తం నలుగురికి 48 లీటర్లు. చేతులు, గిన్నెలు కడగడానికి ఇంకొంచెం. క్యాంప్‌గ్రౌండ్‌కు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి: కుళాయి ఉందా, ఇప్పుడు నీళ్లు వస్తున్నాయా, అవి తాగడానికి పనికొస్తాయా. మొదటిదానికి అవునంటే మిగతా రెండూ అవుననే అర్థం కాదు. మూడూ అవునంటే మోత తగ్గించుకోవచ్చు, అప్పుడు కూడా ఒక రోజుకు సరిపడా నీళ్లు కారులో ఉండాలి.

సరస్సు నీళ్లు కాచి తాగొచ్చు కదా అంటారు. తప్పనిసరైతే తాగొచ్చు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల కంటే ఎత్తులో ఉంటే 3 నిమిషాలు కాచితే సూక్ష్మజీవులు చస్తాయి. క్లోరిన్ బిళ్లలను మాత్రమే నమ్ముకోకండి, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి క్లోరిన్‌కు తేలిగ్గా లొంగదు. కానీ కాచినా పోనివి రెండున్నాయి. ఒకటి ఉప్పు. బయటికి పారే దారి లేని సరస్సుల్లో నీరు ఆవిరై లవణాలు మిగిలిపోతాయి, ఒడ్డున తెల్లటి పెచ్చు కనిపిస్తే అనుమానించాలి. రెండోది నీలి ఆకుపచ్చ నాచు. పేరుకు నాచు గానీ నిజానికి అది సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. ఎండ బాగా కాసి నీరు కదలకుండా ఉన్న రోజుల్లో విపరీతంగా పెరుగుతుంది. నీటిమీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు కనిపిస్తుంది, గాలికి ఒక మూలకు చేరి తెట్టు కడుతుంది. అందులో కొన్ని రకాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషాన్ని విడుదల చేస్తాయి. కాచినా ఆ విషం పోదు, మామూలు క్యాంపింగ్ ఫిల్టర్లనూ నమ్మలేం. అలాంటి నీళ్లు తాగకూడదు, పిల్లల్ని దిగనివ్వకూడదు. కుక్కను తీసుకెళ్తే మరీ జాగ్రత్త, ఆ నీళ్లు తాగి, ఒంటికి అంటిన తెట్టు నాకి కుక్కలు చనిపోయిన ఘటనలు చాలా ఉన్నాయి.

పొడి గాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు కాబట్టి నీరు పోతున్నట్టే తెలియదు. పిల్లలు ఆటలో పడి దాహం చెప్పరు. గంటకోసారి మీరే పిలిచి తాగించండి. మూత్రం రంగు చూడటం తేలికైన గుర్తు, ముదురు పసుపైతే నీళ్లు చాలడం లేదు. ఉత్త నీళ్లే కాకుండా ఉప్పు ఉన్న తిండి కూడా పడాలి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు ఉంచుకోండి. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒంటినిండా నీళ్లు పోస్తూ విసురుతూ చల్లార్చండి, వెంటనే వైద్య సాయానికి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేరాక చూసుకుందామని చల్లార్చడం ఆపకండి.

నీడను మీరే తీసుకెళ్లాలి. టెంట్ నీడ కాదు. ఎండలో టెంట్ లోపల బయటి కంటే చాలా వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం పిల్లల్ని అందులో పడుకోబెట్టకండి, కారులో అసలే వద్దు. సుమారు 3 మీటర్లకు 4 మీటర్ల టార్పాలిన్, రెండు కర్రలు, తాళ్లు ఉంటే సరిపోతుంది. గాలి వచ్చే వైపు బాగా కిందికి, ఎదుటి వైపు ఎత్తుగా కట్టండి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. నీటి మీద నుంచి పరావర్తనం అయ్యేది అదనం. టోపీ, పొడుగు చేతుల పల్చటి చొక్కా, సన్‌స్క్రీన్, పెదాలకు బామ్ తప్పనిసరి. పొడి గాలికి పిల్లలకు ముక్కులోంచి రక్తం కారడం కూడా మామూలే. టెన్షన్ పడకుండా తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి.

రాత్రి చలికి దుప్పట్లు ఎన్ని కప్పినా కింద నుంచి నేల వేడిని లాగేస్తుంది. అందుకే డబ్బు ఒక్కదానిమీదే పెట్టాలంటే కింద పరిచే మ్యాట్ మీద పెట్టండి. దానిమీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత చలిని ఆపుతుంది. రాత్రి సున్నా డిగ్రీల దగ్గరికి పడే చోటైతే 4 చుట్టుపక్కల ఉన్నది చూడండి. పగలు వేసుకున్న బట్టల్లో పడుకోకుండా పొడి బట్టలు, ఉన్ని సాక్సులు, టోపీ వేయండి. ఎంత చలేసినా స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్‌లోకి తీసుకెళ్లొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ విషయంలో నాకు మినహాయింపులేవీ లేవు.

ఈత, పడవ సరదాలన్నీ పొద్దున్నే పెట్టుకోండి. పైన చేతికి వెచ్చగా తగిలే నీరు రెండు మూడు మీటర్ల కింద చాలా చల్లగా ఉండొచ్చు. చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి అదుపు తప్పుతుంది, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా మునిగేది అందుకే. రిజర్వాయర్‌లో నాలుగడుగులు వేశాక హఠాత్తుగా లోతు వస్తుంది, అడుగున పాత చెట్ల మోళ్లు ఉంటాయి. గాలి ఊదిన తెప్పలు, ట్యూబులు నీళ్లలో ఆడుకునే బొమ్మలే కానీ ప్రాణాలు కాపాడేవి కావు. ఒడ్డు నుంచి నీటివైపు గాలి మళ్లితే నిమిషాల్లో మధ్యకు పోతాయి. పిల్లలకు సైజు సరిపోయే లైఫ్ జాకెట్ వేయండి. మునిగేవాళ్లు సినిమాల్లోలా కేకలు పెట్టరు, నోరు నీటిమట్టానికి పైకీ కిందికీ అవుతూ చప్పుడు లేకుండా మునిగిపోతారు. పెద్దవాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టి చేయి అందేంత దూరంలో ఉండాలి. ఉరుము వినబడితే వెంటనే నీళ్లలోంచి బయటికి రండి. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. కారులో అద్దాలు ఎత్తి కూర్చోండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. తెప్పో కయాకో తీసుకెళ్తే వచ్చేటప్పుడు కడిగి, నీళ్లు వంచేసి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో సరస్సులో దించండి. అమెరికాలోని లేక్ మీడ్‌లో 2007లో బయటపడిన క్వాగా ఆల్చిప్పలు అలా పడవలకు అంటుకుని చాలా నీళ్లకు పాకాయి.

మంట వేయొచ్చా లేదా అన్నది వెళ్లే రోజు పొద్దున కనుక్కోండి, ఎండాకాలంలో నిషేధం ఏ రోజైనా రావచ్చు. నిషేధం లేకపోయినా మధ్యాహ్నపు గాలిలో వద్దు. ఆర్పేటప్పుడు పైన నీళ్లు చల్లి వెళ్లిపోతే చాలదు. నీళ్లు పోయాలి, కర్రతో బూడిద కలిపి మళ్లీ పోయాలి, చివరికి మెల్లగా మీ చేయి వెనక వైపు దగ్గర పెట్టి చూడాలి. వేడి తగిలితే ఇంకా ఆరలేదు. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకుండా అక్కడే దొరికినవి వాడండి, కట్టెల్లో దాగిన పురుగులు కొత్త అడవికి చేరేది అలాగే.

పాములు, తేళ్ల గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. టెంట్ జిప్ ఎప్పుడూ వేసి ఉంచడం, బూట్లు దులిపి తొడుక్కోవడం, రాళ్ల కింద చేతులు పెట్టకపోవడం, రాత్రి హెడ్‌ల్యాంప్ లేకుండా అడుగు వేయకపోవడం, ఈ నాలుగూ పాటిస్తే చాలావరకు నిశ్చింత. తేళ్లు అతినీలలోహిత టార్చి వెలుగులో పచ్చగా మెరుస్తాయి, పడుకునే ముందు ఒకసారి చుట్టూ తిప్పి చూస్తే సరి. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ వద్దు. ఆ కాలో చేయో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి, పేస్టు, సబ్బు లాంటి వాసన వచ్చేవి టెంట్‌లో పెట్టకండి.

మరుగుదొడ్డి ఉంటే అదే వాడండి. లేకపోతే నీటికి 60 మీటర్ల అవతల 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి కప్పేయండి. పొడి నేలలో కాగితం కుళ్లడానికి చాలా కాలం పడుతుంది, కవర్‌లో వేసి తిరిగి తెచ్చేయండి. సబ్బు ఏ రకమైనదైనా సరస్సులో కలవకూడదు.

రాత్రి తొమ్మిది తర్వాత దీపాలన్నీ ఆర్పి పిల్లల్ని బయట కూర్చోబెట్టండి. పొడి గాలి, మబ్బులేని ఆకాశం ఇచ్చే బహుమతి ఇదే. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగినా మళ్లీ మొదటికొస్తుంది. హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర దీపం ఉంటే అది వాడండి. అమావాస్యకు దగ్గర రోజులు ఎంచుకోగలిగితే పాలపుంత స్పష్టంగా కనబడుతుంది. మాటలు మాత్రం మెల్లగా. రాత్రి నీటిమీద చల్లగాలి పొర ధ్వనిని పైకి పోనివ్వక కిందికే వంచుతుంది, మీరు మామూలుగా మాట్లాడుకునేది ఎదుటి ఒడ్డున పడుకున్నవాళ్లకు వినబడుతుంది.

బయల్దేరేముందు ఇంటి దగ్గరే టెంట్ ఒకసారి పూర్తిగా వేసి తీయండి. మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ ఉండకపోవచ్చు. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగొస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి. పొద్దుగుంకడానికి కనీసం మూడు గంటల ముందు అక్కడికి చేరేలా చూసుకోండి, గాలిలో టెంట్ వేయడానికి మీరనుకున్న దానికంటే ఎక్కువ సేపు పడుతుంది. ఏ నెలలో వెళ్తున్నారో, ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో, సహజ సరస్సో రిజర్వాయరో రాయండి. ఎలాంటి స్లీపింగ్ బ్యాగులు తీసుకోవాలో దాన్ని బట్టి చెబుతాను.